నిండు పియాలా

వరసగా అయిదో రోజు కూడా బురుల్ టీ నిండా పోసి ఇచ్చింది.

హోసియత్‌కి ఒళ్ళు మండిపోయింది. ఓష్ ఊళ్ళో పసిపిల్లనడిగినా చెబుతుంది. ఎదుటి మనిషి మీద గౌరవముంటే పియాలాలో రెండు గుక్కలే పోస్తారు. అయిపోగానే మళ్ళీ పోస్తారు. అంచుదాకా నింపారంటే అర్థం ఒక్కటే. తాగి దయచెయ్యమని.

"చూశావా ఎర్మెక్? మీ శాంతి పాఠాలన్నీ ఈ పియాలాలో పడి మునిగిపోయాయి" అంది హోసియత్.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఎర్మెక్ చేతిలో నాన్‌రొట్టె ముక్క నోటిదాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. "ఇవాళొక్కరోజే కదక్కా, కాస్త ఓపిక పట్టు" అన్నాడు.

హోసియత్ ఉజ్బెక్ బడి టీచరు. బురుల్ కిర్గిజ్ బడి టీచరు. సెప్టెంబరు నుంచి రెండు బడుల పిల్లలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, వీళ్ళిద్దరూ కలిసి పాఠం చెప్పాలి. ఈ శిక్షణ చివరి రోజు ఎవరికి వాళ్ళు తమ జోడీ గురించి కాగితం రాసివ్వాలి. ఒక్కరు వద్దన్నా ఆ క్లాసు రద్దు.

ఉజ్బెక్‌లకీ కిర్గిజ్‌లకీ మధ్య జరిగిన ఆ జూన్ గొడవల్లో హోసియత్ ఇల్లు బూడిదైపోయింది. తగలబెట్టింది బురుల్ కాదు. ఆ సంగతి హోసియత్‌కీ తెలుసు. తెలిస్తే మాత్రం? వయసులో చిన్నది గనక టీ పోసే పని బురుల్‌ది. ఆమె పోస్తున్నంతసేపూ మొహం చూడబుద్ధి కాక హోసియత్ కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

అయినా మొదటిరోజు తనే తగ్గింది. గుమ్మం దగ్గర గుండెమీద చెయ్యి వేసుకుని తల వంచింది. బురుల్ రాయిలా నిలబడింది. రెండోరోజు పాఠం రాసిన నోటుపుస్తకం చేతికిస్తే, తెరవనైనా తెరవకుండా "చదివి వినిపించండి" అంది, అక్కడికి తానేదో ఇన్‌స్పెక్టరైనట్టు. మూడోరోజు బోర్డు మీద మూడంటే మూడే మాటలు, బోర్డంతా నిండేలా రాసింది. ఉజ్బెక్ పిల్లలంటే మొద్దులని ఆమె లెక్క కాబోలు అనుకుంది హోసియత్.

కాగితాలు రాసే వేళయింది. బురుల్ గొంతు తగ్గించి అంది.

"ఈ క్లాసు పోనివ్వకండి అక్కా. పక్కన ఇంకో టీచరుంటేనే నాకు కుదురుతుంది."

"ఎందుకు కుదరదూ? చాకిరీ నాది, జీతం నీది. పింఛనొచ్చేదాకా నా వెనక దాక్కుందామనా?"

బురుల్ మొహం ఎర్రబడింది. "మీరు మాత్రం? వచ్చినరోజు సలామైనా చెప్పారా నాకు?"

"గుండెమీద చెయ్యేసుకుని మరీ పెట్టాను. నీకే కళ్ళు నెత్తికెక్కాయి."

ఎర్మెక్ గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు.

హోసియత్ కలం తీసి ఒక్క వాక్యం రాసింది. సంతకం చేసి కాగితాన్ని బల్ల మీదుగా తోసింది. బురుల్ దాన్ని ముట్టుకోలేదు.

"చదివి వినిపించండి" అంది.

ఇంకా అదే పొగరు. హోసియత్ ప్రతి అక్షరం ఒత్తిపలుకుతూ చదివింది. "ఈమెతో నేను పనిచెయ్యను. కారణం, ఈమెకు నేనంటే గౌరవం లేదు."

"సరే" అంది బురుల్. "వెళ్ళేముందు టీ తాగండి."

అయిదు రోజులూ కిటికీలోకి చూసిన హోసియత్, ఈసారి ఏ మొహం పెట్టుకుని నింపుతుందో చూద్దామని కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చుంది.

బురుల్ ఎదురుగానే ఉన్న పియాలా కోసం బల్లంతా తడిమి, బొబ్బలెక్కిన చూపుడువేలిని దాని అంచు లోపలికి వంచి పెట్టి, పొగలు కక్కే టీ ఆ వేలికి చురుక్కుమని తగిలేదాకా పోసింది.