రివర్స్ పడని లాంచీ

“దిగు! ముందు ఆ చుక్కాని వదిలి దిగు!” అని అరిచాడు బాబాయ్.

లాంచీ ముక్కు అప్పుడే రేవు గట్టుకి ధనామని కొట్టుకుంది. ప్రయాణికులు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒళ్ళో గుడ్ల అట్ట పెట్టుకుని కూర్చున్నావిడ, గుడ్లని చూసుకోవాలో చీర చూసుకోవాలో తెలియక శాపనార్థాలు మొదలుపెట్టింది.

“దిగను,” అంది సరంగు. “ఆపడానికి రివర్స్ గేరు వేశాను. పడలేదు. నేనేం చెయ్యను?”

“ఎవరో చెబితే నమ్మేవాణ్ణి కాదు. ఎలా నడుపుతున్నావో చూద్దామని ఈ వారమే లాంచీ ఎక్కడం మొదలుపెట్టాను. ఎక్కింది మూడు ట్రిప్పులు. మూడుసార్లూ గుద్దావు! నేను లేనప్పుడు ఇంకెన్ని గుద్దుతున్నావో!”

“పన్నెండేళ్ళుగా నడుపుతున్నాను. నువ్వు లేనప్పుడు గట్టుకి గీతైనా పడిందేమో ఎవర్నైనా అడుగు.”

అడిగితే ఎవరైనా పడలేదనే అంటారు. కానీ ఎవరడుగుతారు? లాంచీ బాబాయ్‌ది. అన్న కూతురైతే మాత్రం, తన లాంచీని తన కళ్ళ ముందే గుద్దుతుంటే ఏ ఓనరు ఊరుకుంటాడు? రేపటి నుంచి అల్లుడు నడుపుతాడని, ఈమె కావాలంటే వెనకాల నిలబడి టిక్కెట్లు చింపుకోవచ్చని అందరి ముందూ తేల్చి పారేశాడు.

సరంగుకి ఒళ్ళు మండిపోయింది. టిక్కెట్లట, టిక్కెట్లు!

“మెకానిక్‌ని పిలిపించు. ఎక్కడా ఏ లోపమూ లేదని తేలితే నా అంతట నేనే దిగిపోతాను. తేలేదాకా నీ అల్లుడు కాదు కదా, ఎవరు ఈ చుక్కాని మీద చెయ్యి వేసినా మర్యాద దక్కదు!”

మెకానిక్ వచ్చాడు. చుక్కాని వెనకాల ఉన్న ఇంజన్ మూత ఎత్తి పక్కన పెట్టి లోపలికి దిగాడు. కొలత పుల్ల తీసి ఆయిల్ చూశాడు. సరిపడా ఉంది, మాడు వాసన కూడా లేదు. గేరు కేబుల్ ఊడదీసి, గేర్‌బాక్స్ మీది మీటని చేత్తోనే కదిపాడు. ముందుకీ పడింది, వెనక్కీ పడింది. కేబుల్ మళ్ళీ బిగించి, “ఇప్పుడు మీరు పైనుంచి వెయ్యండమ్మా,” అన్నాడు.

వేసింది. శుభ్రంగా పడింది. పదిసార్లు వేస్తే పదిసార్లూ పడింది. పడకూడనప్పుడే ఇలా పడి చస్తుంది!

“గేర్‌బాక్స్ బంగారమండీ,” అన్నాడు మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. “వేసే చేతిలోనే ఏదో తేడా.”

“విన్నావా?” అన్నాడు బాబాయ్.

“వినను. డాక్టర్ని చూడగానే తగ్గిపోయే జ్వరాలు నాకూ తెలుసు. మూత వేసి నీళ్ళలోకి తీసుకెళ్ళి చూద్దాం.”

“ఇంత మొండితనం మీ నాన్నక్కూడా లేదే!”

“ఉండుంటే లాంచీ నీ చేతికెందుకొస్తుంది?” అని ఇంజన్ స్టార్ట్ చేసింది.

మెకానిక్ మూత దించాడు. సరంగు చేతులు సరిగ్గా కనపడేలా బాబాయ్ ఆవిడ వెనకాల తన చోట తను కూలబడ్డాడు. లాంచీ కదిలింది.

నది మధ్యకి వచ్చాక వేగం తగ్గించి, న్యూట్రల్‌కి తెచ్చి, రివర్స్ లాగింది. పడలేదు. మళ్ళీ లాగింది. మీట సగందాకా వచ్చి మొరాయించింది.

“నాటకం!” అన్నాడు బాబాయ్.

మెకానిక్ తన చేత్తో లాగాడు. అతని చేతికీ రాలేదు. “ఇదేం మాయరోగమమ్మా! ఉండండి, మూత తీసి...”

“తియ్యకు!” అంది సరంగు. “నువ్వు మూత తీస్తే ఆ రోగం కాస్తా పారిపోతుంది. మూసి ఉండగానే పట్టుకోవాలి. ఆ పక్కన గాలి కన్నం ఉంది చూడు, అందులోంచి చూడు.”

“తీస్తానన్నా నేను తియ్యనివ్వను,” అన్నాడు బాబాయ్. “దీని సంగతేదో ఇవాళ తేలిపోవాలి. తేలేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు.” కాళ్ళు బారజాపి ఇంకాస్త గట్టిగా సర్దుకుని కూర్చున్నాడు.

మెకానిక్ బోర్లా పడుకుని, టార్చి వేసి, గాలి కన్నంలో తల దూర్చాడు. సరంగు చెవులు రిక్కించింది. ఏమీ లేదు అన్నాడా, అన్న మాట ప్రకారం చుక్కాని వదలాల్సిందే. పన్నెండేళ్ళు పట్టుకున్న చుక్కాని! వదిలితే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తనకి తెలియదు. ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

“దొరికిందమ్మా!” లోపల్నుంచి మెకానిక్ కేక వేశాడు. “తప్పు మీదీ కాదు, గేర్‌బాక్స్‌దీ కాదు. మూత కిందికి కుంగిపోయి, గేరు కేబుల్‌ని కదలనివ్వకుండా నొక్కేస్తోంది. ఎవరి బుద్ధిలేని పనో గానీ, మూత మీద పెద్ద బస్తా ఏదో పెట్టినట్టున్నారు. ముందు దాన్ని తీసి గట్టున పడెయ్యండి!”

సరంగు చుక్కాని వదలకుండా తల వెనక్కి తిప్పింది.

“లే బాబాయ్.”