ఇషా ఎంత క్వైటో!

“కౌశిక్ ఈజ్ నెవర్ క్వైట్,” అంది పేరెంట్స్ మీటింగ్‌లో ఒకటో తరగతి టీచర్ మిస్ హాలీ, నవ్వుతూనే.

ఆ నవ్వు వాడి తల్లి అనురాధ కంట పడలేదు. లెక్కలు చకచకా చేస్తాడనీ, అందరితో స్నేహంగా ఉంటాడనీ అంతకుముందు ఆవిడ చెప్పిన మంచిమాటలూ చెవికెక్కలేదు. ఆ ఒక్క ముక్కే పట్టుకుని బయటికొచ్చింది.

తర్వాతి వంతు మీనాది. కూతురు ఇషా చెయ్యి పట్టుకుని లోపలికెళ్లింది. కౌశిక్ షూ లేసు కట్టే నెపంతో అనురాధ తలుపు దగ్గరే ఆగింది.

“ఇషా ఈజ్ సో క్వైట్. వెరీ, వెరీ క్వైట్,” అంటోంది టీచర్.

అనురాధ లేసు ముడి మరీ బిగించేసింది. “అమ్మా, హర్ట్స్!” అన్నాడు కౌశిక్.

కారెక్కగానే అడిగింది. “క్వైట్ అంటే ఏంటో తెలుసా నీకసలు?”

“ఓ, తెలుసు! లైబ్రరీలో క్వైట్ అంటే విస్పర్ చెయ్యొచ్చు. క్లాస్‌లో క్వైట్ టైమ్ అంటే కళ్లు క్లోజ్ చెయ్యాలి, కానీ స్లీప్ అవ్వకూడదు. డాడీ ఫోన్‌లో ఉండి క్వైట్ అంటే పైకి వెళ్లిపోవాలి. నువ్వు క్వైట్ అంటే...”

“ఊఁ, నేనంటే?”

“నీకు కోపం వచ్చింది అని.”

ఇంకో రోజైతే ఈ మాట భర్త చక్రపాణికి చెప్పి పడీపడీ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. స్కూల్లోనూ ఆ పిల్లే, గుళ్లోనూ ఆ పిల్లే. కాలిఫోర్నియాలోని ఈ శాన్ రామన్‌లో ఏ తెలుగువాళ్లింటికెళ్లినా “ఇషా ఎంత క్వైటో!” అన్న మాటే. మీనా ఏం నోము నోచిందో!

శనివారం మీనా ఇంట్లోనే పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. పులిహోర ట్రే పట్టుకుని అనురాధ గడపలో అడుగు పెట్టేసరికే మొదలైంది.

“పిల్లంటే అలా ఉండాలి. ఇంట్లో ఉందా లేదా అన్నట్టుంటుంది,” అంది ఒకావిడ.

“మా ఇంటికి పంపించండి మీనాగారూ, మావాళ్లకి ట్రైనింగ్ ఇస్తుంది,” అంది ఇంకొకావిడ.

మీనా నవ్వి ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూస్తే అనురాధకి ఒళ్లు మండింది. ఎంత గర్వమో! పొగడ్త అలవాటైపోయి, కాదనడం కూడా మానేసింది.

సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి కౌశిక్ గొంతు ఖంగుమంది. ఇషాని ఎదురుగా కూర్చోబెట్టుకుని, డైనోసార్ ఎలా తుమ్ముతుందో చేసి చూపిస్తున్నాడు. ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. అనురాధకి తల కొట్టేసినట్టయింది. కొడుకుని రెక్క పట్టుకుని బాత్రూంలోకి లాక్కెళ్లింది.

“స్కూల్లో ఇంకెప్పుడూ నోరు తెరవకు. టీచర్ అడిగితేనే జవాబు చెప్పు. ఇషాలాగా ఉండు.”

“ఇషాతో కూడా మాట్లాడొద్దా?”

“ఎవరితోనూ వద్దు. మాట్లాడావని తెలిస్తే నేను నీతో మాట్లాడను.”

పిల్లాడి కళ్లు పెద్దవయ్యాయి. అమ్మ అరుస్తుందని తెలుసు. మాట్లాడకుండా పోతుందని మాత్రం వాడికి తెలీదు. సరేనని తలూపాడు.

ఆ తర్వాతి వారం మధ్యలో టీచర్ ఫోన్ చేసింది. “కౌశిక్ హాజ్ బీన్ సో క్వైట్.”

అనురాధ ఎగిరి గంతేసినంత పని చేసింది. “థాంక్యూ! థాంక్యూ సో మచ్!”

“ఇంట్లో... అంతా బాగానే ఉంది కదా?” అని ఇంగ్లీషులో మెల్లగా అడిగిందావిడ.

“చాలా బావుంది,” అంది అనురాధ. వెంటనే చక్రపాణికి ఫోన్ చేసింది. “చూశారా? మనవాడు కూడా క్వైటేనట! టీచరే స్వయంగా ఫోన్ చేసి చెప్పింది.”

“వాడు నిన్న డిన్నర్ దగ్గర కూడా నోరు విప్పలేదు అనూ. వాడికి ఒంట్లో బాలేదేమో,” అన్నాడు చక్రపాణి.

“మీకు పొగడ్త కూడా అర్థం కాదు,” అని పెట్టేసింది. పెట్టేశాక మాత్రం ఇల్లు మరీ బావురుమంటున్నట్టనిపించింది. హాల్లో కౌశిక్ డైనోసార్లన్నిటినీ వరసగా పడుకోబెడుతున్నాడు. ఒక్కటీ తుమ్మడం లేదు.

సాయంత్రం బెల్ మోగింది. గుమ్మంలో మీనా నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వార్త అప్పుడే చేరిందన్నమాట, ఓర్వలేకపోతోంది అనుకుంది అనురాధ.

“రండి మీనాగారూ. విన్నారా, మావాడు కూడా ఇప్పుడు...”

“వాణ్ని ఏమన్నారు అనురాధగారూ?” అంది మీనా. “మీరు ఏమైనా అన్నారా?”

మీనా సోఫా అంచున కూలబడింది.

“మా ఇషా కిండర్‌గార్టెన్ నుంచీ స్కూల్లో ఒక్క మాట మాట్లాడలేదండీ. ఇంట్లో మాతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా అడగదు. డాక్టర్లకి చూపించాం, థెరపీకి తిప్పుతున్నాం. టీచర్ క్వైట్ అన్నప్పుడల్లా ఇంటికొచ్చి ఏడుస్తాను. అందరూ మెచ్చుకుంటుంటే ఏం చెప్పాలో తెలీక నవ్వి ఊరుకుంటాను. మీవాడు గలగలా వాగుతుంటే మిమ్మల్ని చూసి ఎంత కుళ్లుకునేదాన్నో! రోజూ లంచ్‌లో దాని పక్కనే కూర్చుని, అది జవాబు చెప్పకపోయినా కబుర్లు చెప్పేవాడు. సోమవారం నుంచీ మానేశాడట.”

అనురాధ మెల్లగా వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“ఇవాళ ఇషా తనంతట తనే టీచర్ టేబుల్ దగ్గరకెళ్లి నోరు విప్పిందట. మొట్టమొదటిసారి. మిస్ హాలీ నాకు ఏడుస్తూ ఫోన్ చేసింది.”

“నిజమా!” అనురాధ ఆమె చేతులు పట్టేసుకుంది. “ఏమందట?”

మీనా హాల్లోకి, చప్పుడు లేకుండా కూర్చున్న కౌశిక్ వైపు చూసింది.

“‘కౌశిక్ క్వైట్ అయిపోయాడు, వాడికి హెల్ప్ చెయ్యండి’ అందట.”