డాక్టరమ్మ చెయ్యి

"ఈ బుడిపెను కోసి పారేస్తారా?" అని అడిగాడు పెద్దాయన, ఒళ్లో వీధికుక్కను పొదివి పట్టుకుని.

కుక్క కంటి మూలన శనగగింజంత ఎర్రటి కండ పొడుచుకొచ్చింది.

జంతువుల ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయికి చిర్రెత్తుకొచ్చింది. ఆమెను అందరూ రేడియో అంటారు. మోగడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు.

"కోస్తారా! ఎవరండీ మీకు చెప్పింది? అది కన్నీటి గ్రంథి. కుక్కకి మూడో రెప్ప ఒకటుంటుంది, దాని చాటునుంచి జారి బయటికొచ్చింది. కోసేస్తే ఇక కంట్లో తడి ఉండదు. ఎండి ఎండి చూపే పోతుంది. మా డాక్టరమ్మ దాన్ని లోపలికి సర్ది కుట్టేస్తుంది."

"అంత చిన్నచోట కుట్టా? చెయ్యి వణకదూ?"

"వణకడమా! మనుషుల కంటి డాక్టర్లు కూడా మా డాక్టరమ్మ దగ్గర ఓనమాలు దిద్దుకోవాలి!" అంది రేడియో, ఆ చెయ్యి తనదే అన్నంత గర్వంగా.

ఆపరేషన్ మొదలైంది. పెద్దాయన కూర్చోలేదు. తలుపు అద్దానికి ముఖం ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"అంతా తెలిసినట్టు ఆ చూడడమేంటండీ? అద్దమంతా మరకలు. వచ్చి కూర్చోండి," అని కసిరింది రేడియో.

"ఆఖరి ముడమ్మా. అది కనుగుడ్డుకి రాసుకుందంటే కన్ను పుండవుతుంది," అన్నాడాయన కదలకుండా.

కాసేపటికి వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

రేడియో మెత్తబడింది. "అయ్యో, దానికేం కాదులెండి."

"సాయంత్రం వచ్చి తీసుకెళ్తా. ఇకనుంచి మా ఇంట్లోనే ఉంటుంది," అంటూ ఆయన మెట్లు దిగాడు.

చేతులు తుడుచుకుంటూ డాక్టరమ్మ బయటికొచ్చింది.

"కన్ను దక్కింది. తెచ్చినాయన ఏడీ?"

"ఇప్పుడే వెళ్లాడమ్మా. అబ్బో, ఒకటే ప్రశ్నలు! పోతూ పోతూ 'ముడి లోపలికి దాచింది, నా చేతికి కూడా ఇంత శుభ్రంగా వచ్చేది కాదు' అన్నాడు. తానేదో పెద్ద సర్జన్ అన్నట్టు!"

డాక్టరమ్మ గబగబా కిటికీ దగ్గరికి వెళ్లింది. రోడ్డు దాటుతున్న మనిషిని చూసి, ఊచలు పట్టుకుని ఉండిపోయింది. కళ్లు నిండాయి. తల మాత్రం ఎత్తే ఉంది.

"పెద్ద సర్జనే. పక్క ఊళ్లో సగం మందికి చూపు తెప్పించాడు."

రేడియో నాలుక కరుచుకుంది.

"మీకు తెలిసినాయనా అమ్మా?"

"పశువుల డాక్టరునైతే తన గడప తొక్కొద్దన్న మా నాన్న."