లీగు మారిన జట్టు

కాలేజీ జట్లు ఏ లీగులో ఆడాలో యంత్రమే కుదిర్చే రోజులవి. అనంతపురం అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును అది విదేశీ లీగుకు పిలిచింది. సొంత డాక్టరు, పచ్చిక మైదానం, పొద్దున జకార్తాలో ఆడి సాయంత్రానికి ఇంటికి రావడం. కెప్టెన్ చౌడేశ్వరి సరేనంది.

వారానికే, ఇన్నాళ్లూ పాత లీగులో తమతో తలపడిన కడప జట్టు గోల్‌కీపర్ షాహీన్ ఫోన్ చేసింది.

“మీరు పోతిరి. జట్లు చాలవని మా లీగే మూసేసినారు. నీ షాట్లు ఆపేకే గదా మే నేను ఇంత నేర్చుకునింది? ఇప్పుడేం చేయల్ల?”

తర్వాతి మ్యాచ్‌లో చౌడేశ్వరి జకార్తాలో నాలుగు గోల్స్ కొట్టింది. అక్కడెవరూ ఆమెను తిట్టలేదు, పొగడలేదు.

ఆదివారం బస్సెక్కి కడప వెళ్లింది. ఖాళీ మైదానంలో షాహీన్ గోల్ ముందు నిలబడింది. చౌడేశ్వరి బలమంతా పెట్టి తన్నింది. షాహీన్ ఎగిరి పట్టేసింది.

గోల్ తప్పినందుకు తనకెందుకంత సంతోషమో చౌడేశ్వరికి అర్థం కాలేదు.