ఉత్తుత్తి ఫ్లాష్

టాంజానియాలో వానలు లేని కాలం. గుంటలన్నీ ఎండిపోయాయి, జంతువులకు పార్కువాళ్లు పెట్టిన కొళాయిలే దిక్కు. ఎవరైనా ఫొటో తీస్తేనే కొళాయి తెరుచుకుంటుంది. జంతువులు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టేశాయి. కెమెరా కనబడితే చాలు, పెళ్లిపందిట్లో చుట్టాల్లా వరసగా నిలబడి బిగుసుకుపోతాయి.

మాకు ఫొటోగ్రఫీ నేర్పే నీమా మేడమేమో, పోజు పెట్టని జంతువు ఫొటో తెస్తేనే పాస్ చేస్తానంది. చివరిరోజు నా ముందుకొక ముసలి ఏనుగు వచ్చి, తొండం వయ్యారంగా వంచి నిలబడింది.

అప్పుడు తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన తెనాలిలో పెళ్లిఫొటోలు తీసేవాడు. రీలు ఆదా చేయడానికి దూరపు చుట్టాల మీద ఉత్తుత్తి ఫ్లాష్ కొట్టి పంపేసేవాడు. నేనూ అదే చేశాను. ఫొటో అయిపోయిందనుకుని ఏనుగు ఒళ్లు సడలిస్తే, అప్పుడు అసలు ఫొటో తీయొచ్చని నా ఎత్తు.

ఏనుగు కొళాయి వైపు చూసింది. చుక్క రాలేదు. నా వైపు చూసింది.

"ఏం చేశావమ్మాయ్ దాన్ని?" మేడం స్వాహిలీని నా చెవిలోని అనువాద యంత్రం గుంటూరు యాసలో వినిపించింది.

"ఏం లేదండీ..." అంటుండగానే ఏనుగు తొండం నిండా దుమ్ము పీల్చి నా నెత్తిన ఊదింది. ఆ దుమ్ములోనే ఈసారి నిజంగా నొక్కాను. కొళాయి పారింది.

ఫొటోలో కోపంతో ఉన్న కన్నొక్కటే కనబడుతోంది. "పాసయ్యావు పో," అంది మేడం.

ఇప్పుడా ఏనుగు కెమెరా చూస్తే వీపు తిప్పేస్తుంది. నీళ్లచప్పుడు వినబడ్డాకే ఇటు తిరుగుతుంది. తెనాలిలో ఆ దూరపు చుట్టాల మనవలు మాత్రం, తమ తాతల ఫొటోల కోసం ఆ పెళ్లి ఆల్బమ్‌లను ఇంకా తిరగేస్తూనే ఉన్నారు.