సిబ్బంది పట్టికలో నా పేరు

కెప్టెన్ గారికి,

మీరు ఫోన్ తీయడం లేదు. పదిహేనో తేదీన మన ఓనరు గారి సొంత విమానం ఆయన అతిథులతో విదేశానికి వెళ్లాలి. అందుకే రాస్తున్నాను.

అది నా మొదటి విదేశీ ప్రయాణం. మూడు దేశాల అనుమతులు తెప్పించింది నేను. సముద్రం మీది దారికి ఇంధనం లెక్కగట్టింది నేను. విమానం నడుపుతూ రేడియోలో చెప్పాల్సిన మాటలు గదిలో వల్లిస్తుంటే మా అమ్మ, "ఎవరితోనే ఆ గొడవ?" అంటూ పరుగెత్తుకొచ్చింది.

నిన్న మీరు పంపిన సిబ్బంది పట్టికలో కో-పైలట్ గడి ఖాళీగా ఉంది. నా పేరు టీలు అందించే అమ్మాయిగా ఉంది!

గుమాస్తాను నిలదీస్తే మీ మాటే అప్పజెప్పాడు: "ఆడపిల్ల నడుపుతోందంటే ఓనరు గారి అతిథులు హడలి చస్తారయ్యా. కాగితం మీద రాతేగా, సర్దుకుంటుందిలే."

సర్దుకోను. మా ఇంట్లో వేలిముద్ర మాని సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. ఆ సంతకాన్ని ఈ అబద్ధపు పట్టిక కింద పెట్టను.

ఒక్క పైలట్‌తో ఆ విమానం కదలకూడదని మొదటి రోజే నాకు నేర్పింది మీరు. మీ పట్టికలో ఉన్నది ఒక్కరే. పదిహేనున ఎయిర్‌పోర్టులో ఆపేది నన్ను కాదు, మిమ్మల్ని.

ఓనరు గారికి ఇంకా చెప్పలేదు. పన్నెండో తేదీలోగా సరిచేసిన పట్టికతో జవాబివ్వండి.

మీ కో-పైలట్