తువాలు కింద మాట

పత్తి ధర కూలిపోయిన రెండో ఏడు, 1931లో, ఆదోని వ్యాపారి రుద్రప్ప శెట్టి కూడా మునిగాడు. ఎద్దుల జతను అమ్మడానికి ఎమ్మిగనూరు సంతకు తోలుకొచ్చాడు.

రైతు ఎల్లప్ప సంత రివాజు ప్రకారం చేతుల మీద తువాలు కప్పి, లోపల శెట్టి వేళ్ళు ఐదూ పట్టుకున్నాడు. వేలికి పది రూపాయలు, అంటే జతకు యాభై. శెట్టి సంతోషంగా పలుపులు అందించాడు.

ఎల్లప్ప ముప్పై రూపాయలే చేతిలో పెట్టాడు.

“ఐదు వేళ్ళు పట్టినావు గదప్పా!”

“మూడే పట్టినాను. కాదంటే సాక్షిని పిలువు. తువాలు కింద సాక్షి యాడుంటాడు శెట్టీ?”

శెట్టి ముఖం పాలిపోయింది. పోయినేడు ఇదే సంతలో ఎల్లప్ప దగ్గర ఎద్దులు కొన్నప్పుడు ఆ మాట అన్నది తనే.

ఎల్లప్ప పలుపు లాగలేదు. ఎద్దులే ముందు నడిచాయి. వాటికి ఇంటిదారి ఇంకా గుర్తుంది.